నిరాశ్రిత ముక్కల బంధుమేళా

ముత్తెవిపాలెంలో గుడ్డపేలికలు దిక్కులేనివైపోతున్నాయని మొట్టమొదట కనిపెట్టినవాడు మున్సిపల్ కమిషనర్ త్రివిక్రమరావు. ఆయన రాజధానిలో రెండు రోజుల సదస్సుకు వెళ్లాడు. అక్కడ వేదిక మీద నుంచి ఎవరో, లోకంలో చెత్త అనేది లేదనీ, ఇంకా ఇల్లు దొరకని వస్తువులే ఉన్నాయనీ అన్నారు. హాల్లో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టి భోజనాలకు లేచారు. త్రివిక్రమరావు మాత్రం లేవలేదు. ఆ మాట రాసుకున్నాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. దాన్ని ఊళ్లోని పదిహేడు కుట్టు దుకాణాల తలుపులకూ అంటించారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, దర్జీలు తమ వృత్తిలో మిగిల్చివేయు, జానెడు పొడవు బెత్తెడు వెడల్పునకు మించిన వస్త్రశేషములను ఇకమీదట పేలికలు, పీలికలు, ముక్కలు ఇత్యాది అగౌరవ పదములతో వ్యవహరింపరాదు. అట్టివానిని నిరాశ్రిత వస్త్రములు అని మాత్రమే పేర్కొనవలెను. ప్రతి నిరాశ్రిత వస్త్రమును సాయంత్రము అయిదు గంటల లోపు మున్సిపల్ ఆశ్రయ కేంద్రమునందు చేర్పించవలెను. తప్పినచో కుట్టుయంత్రమునకు సీలు వేయబడును."

ఆ ఉత్తర్వు తన తలుపుకి ఎక్కేసరికి టైలర్ హుస్సేనమ్మ మనవరాలు పుట్టి ఎనిమిది రోజులైంది.

హుస్సేనమ్మ దుకాణం బస్టాండు వెనక సందులో ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే దుకాణం, అదే మిషను. వెనక గదిలో కాపురం. చదువు నాలుగో తరగతి. ఎవరైనా బట్ట తెచ్చి చేతిలో పెడితే, ముందు మూల నుంచి అంగుళం ముక్క కత్తిరించి, బిల్లు పుస్తకంలో వాళ్ల పేరు పక్కన పిన్ను కొడుతుంది. ఆ తర్వాతే కొలతలు. ఆమె ఖాతాదారుల్లో లక్ష్ములు తొమ్మిదిమంది, కుమారులు పదకొండు మంది. పేర్లతో పని జరగదు. "పేరు మార్చి చెప్తారు, నడుం కొలత తగ్గించి చెప్తారు. గుడ్డ అబద్ధం చెప్పదు" అంటుంది ఆమె.

వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బిడ్డను ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేస్తారు. ఉయ్యాలలో పరిచే బొంత ఇరవై ఒక్క ఇళ్ల గుడ్డతో కుట్టాలి. కొన్నది పనికిరాదు. కుట్టగా మిగిలింది కావాలి. అంతమంది ఇళ్ల గుడ్డ మీద పడుకున్న బిడ్డ అంతమందికీ బిడ్డే అని హుస్సేనమ్మ నాయనమ్మ చెప్పేది. హుస్సేనమ్మ అలాగే పెరిగింది. కూతురు షాహీనా అలాగే పెరిగింది. ఇప్పుడు షాహీనా పురిటికి వచ్చి, వెనక గదిలో మంచం మీద ఉంది. నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి హుస్సేనమ్మ ముక్కలు దాస్తూ వచ్చింది. దిండు గలేబులో ఇరవై చేరాయి. ఇంకొకటి కావాలి.

తొమ్మిదో రోజు ఉదయం పదీ ఇరవైకి పునరావాస ఇన్‌స్పెక్టర్ ప్రసన్నాంజనేయులు వచ్చాడు. కిందటి నెల దాకా ఆయన దోమల విభాగంలో పనిచేశాడు. అందువల్ల లోపలికి రాగానే ముందు నీళ్ల కుండలోకి తొంగిచూశాడు. తర్వాత అటక మీది డబ్బాలోకి చూశాడు. ఆనక, తన శాఖ మారిందని గుర్తొచ్చి, దిండు గలేబు మీద చెయ్యి వేశాడు.

"ఇందులో ఎంతమంది ఉన్నారమ్మా?"

"ఎవరు సార్?"

"నిరాశ్రితులు."

"గలేబులోనా? ఇరవై ముక్కలుండయ్."

"ముక్కలనగూడదు. ఎందుకు దాచారు?"

"నా మనవరాలికి సార్. బొంత కుడతా."

"బొంత అంటే ఏం చేస్తారు?"

"ఏం జేస్తారంటే... అన్నీ కలిపి కుడతాం."

"దేనితో?"

"సూదితో. ఇంక దేనితో కుడతారు సార్?"

ప్రసన్నాంజనేయులు పుస్తకం తీసి రాసుకున్నాడు. రాస్తూ పైకి చదివాడు. "ఇరవై మంది నిరాశ్రితులను గాలి వెలుతురు లేని చోట నిర్బంధించి, పదునైన ఆయుధంతో పొడిచే ఉద్దేశం ఉన్నట్టు దర్జీ స్వయంగా అంగీకరించినారు."

"అయ్యా, నేను పొడుస్తానని ఎప్పుడన్నా?"

"సూది అన్నారు కదమ్మా."

గలేబుతో సహా తీసుకుపోయాడు. పోతూ కుండ మీద మూత పెట్టి పోయాడు.

"వేరే ఇరవై ఇళ్లల్లో అడుగుదాం లేమ్మా" అంది షాహీనా.

"అడిగితే ఇస్తారే పిల్లా. జానెడు దాటిందల్లా సాయంత్రానికి వాళ్ల దగ్గరికి పోవాల. జానెడు లోపు ముక్కల్తో కుడితే అది బొంత గాదు, గోచీ."

"మరి దీన్ని దేంట్లో వేస్తాం?"

హుస్సేనమ్మ మంచం చివరున్న బొంతను దగ్గరికి లాక్కుంది. షాహీనా తన పాత బొంతను అత్తారింటి నుంచి తెచ్చుకుంది. ఇరవై నాలుగేళ్లకు అది చివికి జల్లెడైంది. అందులో ముక్కల్ని వేలితో చూపించి, ఇది మునసబు గారిది, ఇది కరణం గారిది, ఇది గాజుల రోశమ్మది అని హుస్సేనమ్మ ఇప్పటికీ చెప్పగలదు. మనవరాలు పెద్దయ్యాక చూపించడానికి ఏమీ ఉండదే అన్నది ఆమె బాధ.

పదో రోజు ఆమె ఆశ్రయ కేంద్రానికి వెళ్లింది. అది ఒకప్పుడు మున్సిపల్ పఠన మందిరం. పేపర్లు, బల్లలు బయటికి పంపి, గోడ నుంచి గోడకి తీగలు కట్టారు. తీగలకు హ్యాంగర్లు, హ్యాంగర్లకు ముక్కలు, ముక్కలకు నెంబరు చీటీలు. పట్టు ముక్కలకు ఫ్యాన్లున్నాయి. లుంగీ ముక్కలను వరండాలో ఉంచారు. గోడ మీద "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు పాతదే. నిరాశ్రితుల విశ్రాంతికి అనుకూలంగా ఉందని తీయలేదు.

దత్తత దరఖాస్తులో ముప్ఫై నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. కమిషనరే స్వయంగా అడిగాడు.

"మీ గృహమునందు పదునైన వస్తువులు ఏమైనా కలవా?"

"టైలర్ని సార్. మూడు కత్తెర్లు. సూదులు ఓ నూట యాభై ఉంటయ్."

"గతంలో మీరు వస్త్రములను కత్తిరించియున్నారా?"

"ముప్ఫై ఒక్క ఏళ్ల నుంచి అదే పని సార్."

త్రివిక్రమరావు కళ్లజోడు తీశాడు. "చూడండి హుస్సేనమ్మ గారూ. నేను మిమ్మల్ని నిందించడం లేదు. కానీ, వీటిని వదిలేసింది మీరే. వదిలేసిన చేతులకే తిరిగి అప్పగిస్తే సమాజానికి ఎటువంటి సందేశం వెళుతుంది?"

"వదల్లేదు సార్, దాచుకున్నా."

"దాని గురించి ఇన్‌స్పెక్టర్ నివేదిక చూశాను. అది మీకు అనుకూలంగా లేదు."

"సరే సార్. వేరే వాళ్లు తీసుకుంటే ఏం జేసుకోవాలి వీటిని?"

"కత్తిరించరాదు. కుట్టరాదు. తుడవడానికి, వడగట్టడానికి, వేడి గిన్నెలు దించడానికి వాడరాదు."

"ఇంకేం జేయాల?"

"ఆదరించాలి" అన్నాడు త్రివిక్రమరావు.

దరఖాస్తు తిరస్కరించారు. కారణాల గడిలో "దరఖాస్తుదారు దర్జీ" అని రాశారు.

ఏళ్ల తరబడి దుకాణాల్లో పేరుకున్నవాటితో కలిపి, ఆ తేదీకి కేంద్రంలో 11,642 నిరాశ్రిత వస్త్రాలు ఉన్నాయి. దత్తత పోయినవి రెండు. మొదటిదాన్ని ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు తీసుకున్నాడు. మర్నాడే ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వెళ్లేసరికి ఆయన దానితో కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. వెట్టిచాకిరీ కింద దాన్ని విడిపించి తెచ్చారు. రెండోదాన్ని, ఎర్ర శాటిన్‌ది, కమిషనర్ డ్రైవర్ తీసుకునేట్టు చేశారు. ఒక్క ఉతుకులో అది డ్రైవర్ తెల్ల చొక్కాలన్నిటినీ గులాబీ రంగు చేసింది. డ్రైవర్ తిరిగి తెచ్చి ఇచ్చేశాడు. "కొత్త వాతావరణంలో సర్దుకోలేకపోయినది" అని రిజిస్టర్లో రాసి, రెండు పూటలు ఎండలో వేశారు.

ఇంతలో కబురు వచ్చింది. రాష్ట్ర స్థాయి పురస్కారానికి ముత్తెవిపాలెం పేరు పరిశీలనలో ఉందని. కమిటీ ఎనిమిది రోజుల్లో వస్తుంది. నూటికి తొంభై నిరాశ్రిత వస్త్రాలు ఇళ్లకు చేరి ఉండాలి.

త్రివిక్రమరావు ఆ మధ్యాహ్నం భోజనం చేయలేదు. మూడు గంటలకు పద్నాలుగో నిబంధన రాశాడు. "దత్తతదారులు లభింపని యెడల, నిరాశ్రిత వస్త్రమును దాని అత్యంత సమీప బంధువునకు అప్పగించవలెను. సమీప బంధువు అనగా, అదే తాను నుండి కత్తిరింపబడి, కుట్టబడి, ప్రస్తుతము ధరింపబడుచున్న వస్త్రము."

"మరి బంధుత్వం ఎట్టా తేలుస్తాం సార్?" అన్నాడు ప్రసన్నాంజనేయులు. "అన్నీ జాకెట్లే. ఒక్కటీ మాట్లాడదు."

తర్వాత ఆయనకే గుర్తొచ్చింది. తొమ్మిదో రోజున హుస్సేనమ్మ దుకాణంలో అటక మీది డబ్బాలో దోమపిల్లల కోసం చూసినప్పుడు, అందులో నీళ్లు లేవు. బిల్లు పుస్తకాలు ఉన్నాయి. పేరు, పేరు పక్కన ముక్క.

పదమూడో రోజున మున్సిపల్ ట్రాక్టరు సందులోకి వెనక్కి వచ్చింది. హుస్సేనమ్మవి రెండు వందల ఆరు పుస్తకాలు ఎక్కించుకుంది. మిగతా పదహారు దుకాణాలవీ ఎక్కించుకుంది. వాటికి ఆ సాయంత్రమే వంశవృక్ష గ్రంథాలు అని పేరు పెట్టారు.

జాకెట్టు కోసం వచ్చిన గుంటుపల్లి సామ్రాజ్యం ఇదంతా అరుగు మీద నిలబడి చూసింది. సామ్రాజ్యం ఆ సందులోనే ఉంటుంది. పాల కేంద్రం నడుపుతుంది.

"ఏందక్కా, నీ మీద రైడింగా?"

"మీకు చుట్టాలు ఎవరో చూడటానికంట."

"ఎవరికి?"

"నీ జాకెట్లకి."

రెండు రోజుల్లో సామ్రాజ్యానికి నోటీసు వచ్చింది. ఆమె ఆకుపచ్చ జాకెట్టుకు సమీప బంధువు ఒకరు ఆశ్రయ కేంద్రంలో ఉన్నారనీ, వారిని వెంటనే ఇంటికి తీసుకుపోవాలనీ, బంధువు ధరింపబడు వేళలందు ఆశ్రితుడు కూడా వెంట ఉండునట్లు భుజమునకు పిన్ను పెట్టుకోవాలనీ అందులో ఉంది.

"మా ఆడబిడ్డ చుట్టంచూపుగా వచ్చి నెల దాటినా పోలా" అంది సామ్రాజ్యం. "ఇప్పుడిదొకటా?"

ఊరంతా నోటీసులు పోయాయి. బ్యాంకులో క్యాషియరమ్మ భుజానికి పసుపు ముక్క వేలాడింది. హైస్కూల్లో లెక్కల టీచరు బోర్డు వైపు తిరిగితే వీపున రెండు ముక్కలు ఊగాయి. పిల్లలు లెక్క మానేసి వాటినే లెక్కపెట్టారు. ఒకే తానులో జాకెట్లు కుట్టించుకున్న తోడికోడళ్లకు ఒకే ముక్క వచ్చింది. అది ఎవరికి దగ్గరి చుట్టమన్న విషయం మీద వాళ్లకు ఆరేళ్లుగా లేని మాటలు వచ్చాయి. మూడు రోజులు ఒకరింట్లో, మూడు రోజులు మరొకరింట్లో, ఆదివారం కేంద్రంలో అని కమిషనర్ తీర్పు చెప్పాడు.

హుస్సేనమ్మ దాచిన ఇరవై ముక్కలు మాత్రం హ్యాంగర్ల మీదే ఉన్నాయి. అవి నిర్బంధానికి గురైన కేసులు కాబట్టి, విచారణ ముగిసేదాకా బంధువులకు కూడా ఇవ్వకూడదన్నారు.

షాహీనా డిగ్రీ చదివింది. బిడ్డను ఒళ్లో వేసుకుని, కొత్త నిబంధనలు కలిపి తలుపుకి మళ్లీ అంటించిన ఉత్తర్వును మొదటి నుంచి చివరిదాకా చదివి తల్లికి వినిపించింది. నిద్రపోయేదాకా బిడ్డ కూడా వింది.

"అమ్మా, ఇది విను. పదిహేడో నిబంధన. 'ఒకే కుటుంబముగా కలిసి జీవించు వస్త్రములను విడదీయరాదు. అట్టి ఉమ్మడి కుటుంబము నందలి సభ్యులకు విడివిడిగా బంధుత్వ నిర్ధారణ అవసరము లేదు.'"

"ఎవరి గురించది?"

"పంజాబీ డ్రెస్సు, ప్యాంటు, చున్నీ సెట్టు గురించి రాసుంటారు."

"బొంత మాత్రం ఉమ్మడి కుటుంబం గాదా? అది కుట్టినాక ఎవడు విడదీస్తాడు?"

"కుట్టినాక సరే. కుట్టడానికి కమిషనర్ సంతకం కావాలి. సూది ఆయుధం కదా."

హుస్సేనమ్మ ఆ కాగితాన్ని మడిచి రొంటిన దోపుకుంది.

పద్దెనిమిదో రోజున బంధుమేళా. మున్సిపల్ స్కూలు ఆటస్థలంలో షామియానా వేశారు. ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. కమిటీ పెద్ద ఒక రిటైర్డ్ అధికారిణి. ఎవరు ఏది చెప్పినా చూపించమని అడిగే మనిషి. వేదిక మీద ఒక పక్క మిగిలిన నిరాశ్రిత వస్త్రాలు, మరో పక్క వంశవృక్ష గ్రంథాలు. మధ్యలో మైకు. మైకు దగ్గర ప్రసన్నాంజనేయులు. ఆయన తన ముందు ఏది పెడితే అది చదువుతాడు. చదివినదాని గురించి తర్వాత ఆలోచిస్తాడు. దోమల విభాగంలో దానివల్ల ఇబ్బంది రాలేదు.

హుస్సేనమ్మను సాక్షిగా పిలిచి వేదిక మీద స్టూలు వేశారు. ఇన్‌స్పెక్టర్ ముక్క అందిస్తాడు. ఆమె వేళ్ల మధ్య నలిపి, పుస్తకంలో పిన్ను కొట్టిన ముక్కతో పోల్చి, "ఇదే" అంటుంది. ఇన్‌స్పెక్టర్ పేరు చదువుతాడు. పేరున్న మనిషి వేదిక ఎక్కుతుంది. సంబంధిత జాకెట్టునో లంగానో కమిటీకి చూపించి ముక్కను తీసుకుపోతుంది. జనం చప్పట్లు కొడతారు. గంటన్నరలో నూట నలభై ముగ్గురు బంధువుల్ని కలిపారు. ఒక ముసలావిడ తన ముక్కను చూసి ఏడ్చింది. కమిటీ పెద్ద అది రాసుకుంది. ఆ ముక్క తాలూకు చీరను కోడలు అడక్కుండా ఎవరికో ఇచ్చేసిందని ఆవిడ ఏడుపు. అది కమిటీ పెద్ద రాసుకోలేదు.

"నిరాశ్రిత వస్త్రం నెంబరు ఏడు వేల రెండు వందల పద్దెనిమిది" అన్నాడు ప్రసన్నాంజనేయులు. "పాప్లిన్. తెలుపు మీద నీలం చారలు."

ముక్క అందించాడు. హుస్సేనమ్మ నలిపి చూసింది. ఆమెకు గుర్తొచ్చింది. పుస్తకం పేజీ తిప్పకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

"సార్, ఇది వద్దులెండి. తర్వాత చూద్దాం."

"తర్వాత ఏందమ్మా, వరసలో వచ్చింది" అన్నాడు ఇన్‌స్పెక్టర్. చెయ్యి తీసి పేజీ తిప్పాడు. మైకు ముందు పెట్టుకుని చదివాడు. "'కమిషనరు గారి భార్య. అయ్యగారికి చారల డ్రాయర్లు, మోకాలి దాకా, ఆరు. బొందు వదులుగా. కిందటిసారివి బిగుతై అయ్యగారు మీటింగులో కూర్చోలేకపోయారంట.'"

షామియానా మూలల్లో కట్టిన నాలుగు లౌడ్ స్పీకర్లూ బాగా పనిచేశాయి. బస్టాండులో ఉన్నవాళ్లకు కూడా వినబడింది.

జనం ముందు ఒకరినొకరు అడిగి, సరిగ్గానే విన్నామని తేల్చుకున్నారు. తర్వాత మొదలైన నవ్వు స్కూలు ప్రహరీ దాటింది.

కమిటీ పెద్ద నవ్వలేదు. కళ్లద్దాలు సర్దుకుంది.

"పద్నాలుగో నిబంధన ప్రకారం సమీప బంధువును భౌతికంగా నిర్ధారించుకోవాలి. కమిషనర్ గారూ, సదరు బంధువు ప్రస్తుతం ఎక్కడ ఉన్నారు?"

త్రివిక్రమరావు లేచి నిలబడ్డాడు. చొక్కా కిందికి లాక్కున్నాడు.

"మేడమ్, సదరు బంధువు... విధి నిర్వహణలో ఉన్నారు."

"ఎక్కడ?"

"స్థానికంగానే."

"ఆరుగురూనా?"

"వంతులవారీగా, మేడమ్."

"ఒకళ్లు ఇప్పుడు వేదిక మీదే ఉండి ఉంటార్లే!" అని జనంలోంచి సామ్రాజ్యం అరిచింది. "బొందు వదులంట, చూసి లేవండి సార్!"

"మేము నూట నలభై ముగ్గుర్ని చూశాం" అంది కమిటీ పెద్ద. "ఒక్కరికి మినహాయింపు ఇస్తే, మీ రికార్డు మొత్తం ప్రశ్నార్థకం అవుతుంది. వెనక గది ఏదైనా ఉంటే మా సభ్యులు ఇద్దరూ వస్తారు."

కమిటీ సభ్యులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. త్రివిక్రమరావు నుదుటి చెమట తుడుచుకోవడానికి చేతికి అందిన గుడ్డ తీసుకున్నాడు. అది నెంబరు ఏడు వేల రెండు వందల పంతొమ్మిది. తుడవడానికి వాడరాదు. మళ్లీ పెట్టేశాడు.

హుస్సేనమ్మ స్టూలు దిగి ఆయన పక్కకి వచ్చింది. రొంటిన ఉన్న కాగితం తీసింది.

"సార్" అంది గొంతు తగ్గించి. "పదిహేడో నిబంధన చూడండి. ఉమ్మడి కుటుంబంలో చేరినోళ్లకి చుట్టాన్ని చూపించే పని లేదంట. మీరు రాసిందే."

త్రివిక్రమరావు తను రాసింది తాను చదువుకున్నాడు. రెండోసారి చదివేటప్పుడు ఆయన మొహంలో నెత్తురు ఆడింది.

"ఏ ఉమ్మడి కుటుంబం?" అన్నాడు, అదీ గొంతు తగ్గించే.

"నా మనవరాలి బొంత సార్. ఇరవై మంది మీ హాల్లో హ్యాంగర్ల మీదుండారు. ఇరవై ఒకటో ఇల్లు తక్కువైంది. మీది కలిస్తే సరిపోద్ది."

"నా..." అని ఆగాడు. "పసిబిడ్డ కింద అదేమిటమ్మా?"

"కొత్త గుడ్డే కదా సార్. మీరేసుకుంది మిగతాది."

"అయితే కలపండి."

"సూది పెట్టాల."

త్రివిక్రమరావు కమిటీ వైపు చూశాడు. వేదిక వెనకున్న తరగతి గది తలుపు వైపు చూశాడు. అప్పటికే ఒక సభ్యుడు ఆ తలుపు గడియ తీస్తున్నాడు. జేబులోంచి కలం తీసి, ఉత్తర్వు వెనక వైపు నిలబడే రాశాడు. రాసింది మైకులో చదివాడు.

"సూదితో కలుపుట గాయము కాదు, బంధము. ఇరవై ఒక్కమంది నిరాశ్రిత వస్త్రములను ఉమ్మడి కుటుంబముగా ఏర్పరచుటకు దర్జీ హుస్సేనమ్మ గారికి ఇందుమూలముగా అనుమతి ఇవ్వడమైనది. నెంబరు ఏడు వేల రెండు వందల పద్దెనిమిది ఈ క్షణము నుండి సదరు కుటుంబ సభ్యుడు. అతనికి విడిగా బంధుత్వ నిర్ధారణ అవసరము లేదు."

కమిటీ పెద్ద ఆ కాగితం అడిగి తీసుకుని చూసింది. సంతకం ఉంది. తేదీ ఉంది. "కుటుంబ వ్యవస్థ" అంది. "ఇది మాకు వేరే ఏ ఊళ్లోనూ కనబడలేదు."

వెనక గది తలుపు మళ్లీ వేశారు.

ఆ సాయంత్రం హుస్సేనమ్మ ఆశ్రయ కేంద్రానికి వెళ్లి ఇరవై ముక్కల్నీ హ్యాంగర్ల మీంచి దించుకుంది. తన దిండు గలేబును కూడా అడిగి తీసుకుంది. దానికీ నెంబరు వేసి ఉంది. రెండు రోజులు మిషను తొక్కి, చివర్లు చేత్తో కుట్టింది. చారల ముక్కను ఎక్కడ పెట్టాలన్న దగ్గర తల్లీకూతుళ్లకు మాట తేడా వచ్చింది.

"ఛీ, తల దగ్గర వద్దమ్మా" అంది షాహీనా.

"మరి యాడ పెట్టమంటావే?"

"కింద. అసలుకి అది ఉండే చోటే."

అలాగే పెట్టింది. ఇరవై ఒకటో రోజు ఉదయం బిడ్డను ఉయ్యాలలో వేసి జరీనా అని పిలిచారు. సామ్రాజ్యం పాలు తెచ్చి, బొంతలో తన ఇంటి ముక్క ఏదో వెతికి చూసుకుని, అది నాలుగో వరసలో ఉందని నొచ్చుకుని పోయింది. కమిషనరు గారి భార్య వచ్చి చారల ముక్కను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ బిడ్డను మూడుసార్లు ఎత్తుకుంది.

ముత్తెవిపాలెం పురస్కారం గెలుచుకుంది. ఉమ్మడి కుటుంబ విధానం ప్రకటించిన వారం లోపలే ఆశ్రయ కేంద్రం ఖాళీ అయింది. ఊళ్లో ఆడవాళ్లు వచ్చి, భుజాల మీది పిన్నులు తీసేసి, తలా ఇరవై ముప్ఫై ముక్కలు పట్టుకుపోయి బొంతలు, సంచులు, కాళ్లు తుడుచుకునే పట్టలు కుట్టుకున్నారు. వాళ్ల అమ్మలూ ఇవే కుట్టారు, అమ్మమ్మలూ ఇవే కుట్టారు. దీన్ని వినూత్న ప్రయోగమని కమిటీ నివేదికలో రాసింది. మిగతా మున్సిపాలిటీల వాళ్లు బస్సులో వచ్చి చూసిపోతున్నారు. వాళ్లకు బొంత కుట్టడం ఎలాగో త్రివిక్రమరావు తెర మీద బొమ్మలు వేసి చెబుతున్నాడు. ఆ ఉపన్యాసమంతా నిలబడే ఇస్తాడు.

ఒక్క లాంఛనం మిగిలింది. ఉమ్మడి కుటుంబాలకు నెల తిరిగేలోపు క్షేమ తనిఖీ జరగాలి. జరీనాకు ముప్ఫై రోజులు నిండిన నాడు ప్రసన్నాంజనేయులు కాగితాలు పట్టుకుని వచ్చాడు. అలవాటు చొప్పున కుండలోకి చూశాడు. తర్వాత ఉయ్యాల దగ్గర కూర్చుని, బిడ్డను లేపకుండా బొంత అంచులు ఎత్తి సభ్యుల్ని లెక్కపెట్టాడు. ఇరవై ఒక్కమందీ ఉన్నారు.

"గృహ యజమాని ఎవరమ్మా?"

"అదుగో" అంది హుస్సేనమ్మ ఉయ్యాల వైపు చూపించి. "దానిదే ఇల్లు."

"అభిప్రాయం తీసుకోవాలి. సంతకమో వేలిముద్రో ఉండాలి."

"దాని వేలు దొరికితే తీసుకోండి సార్. నాకింతవరకు దొరకలా."

ఆయన నివేదిక కాగితాన్ని బొంత మీద పరిచి, చారల ముక్క పక్కన బిడ్డ పిడికిలి విప్పబోయాడు. జరీనా కళ్లు తెరిచి ఆయన్ను చూసింది. కాళ్లు ఆడించింది. కాగితం తడిసింది. బొంత తడిసింది. ఇన్‌స్పెక్టర్ చొక్కా చెయ్యి తడిసింది.

ప్రసన్నాంజనేయులు కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తి ఆరనిచ్చాడు. దోమల విభాగంలో పదకొండేళ్లు రాసిన చెయ్యి అది. తడి అంచు వదిలి, కింది గడిలో రాశాడు:

"కుటుంబ సభ్యులు ఇరవై ఒక్కరూ క్షేమం. నెంబరు ఏడు వేల రెండు వందల పద్దెనిమిది వద్ద నీటి నిల్వ గమనించడమైనది. మూలం: గృహ యజమాని. హెచ్చరించి వచ్చితిని."